మందులన్నీ వేసుకుంటున్నాడు, వైరల్ లోడ్ లేదు, అయినా మనిషి కుంగిపోతున్నాడు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. తమ్ముడికి హెచ్‌ఐవీ ఉందని తెలిసి రెండేళ్లయింది. వైరస్‌ని అణచిపెట్టే ఏఆర్‌టీ మందులు ఒక్క పూట కూడా తప్పలేదు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పరీక్షకు అందనంత తక్కువకు దిగిపోయింది. అయినా ఆరు నెలలుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి అలాగే కూర్చుంటున్నాడు, ఇష్టంగా చేసే పనులన్నీ వదిలేశాడు. డాక్టరుగారిని అడిగితే "ఈ జబ్బు ఉన్నవాళ్లకి ఆ మాత్రం దిగులు మామూలేనమ్మా" అన్నారు. నెట్‌లో వెతికితే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో 30 శాతం మందికి డిప్రెషన్ అని ఒకచోట, 60 శాతం అని ఇంకోచోట కనిపించి మీకు మరింత భయం పట్టుకుంది. ఇది వైరస్ వల్లా, మందుల వల్లా, మనసు వల్లా అని అడిగారు. డిప్రెషన్‌కి మందులు మొదలుపెడితే ఏఆర్‌టీతో పడదేమో అన్నది మీ చివరి ప్రశ్న.

నేను డాక్టర్ని కాను. పదహారేళ్లుగా హెచ్‌ఐవీ క్లినిక్‌లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. అందులో కొన్నేళ్లు పరిశోధన బృందాల తరఫున ఇదే విషయం మీద పేషెంట్లను ఇంటర్వ్యూ చేశాను. అధ్యయనాలు ఏం చెప్పాయో, ఆ కాగితాల వెనక నేను ఏం చూశానో రెండూ కలిపి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ "మామూలే" అన్న మాట సంగతి. చాలామందికి వైద్యం అందకుండా చేసేది ఆ మాటే. రిపోర్టు చేతికొచ్చిన రోజు ఏడవడం మామూలు. కొన్ని వారాలు అన్నం సయించకపోవడం, ఎవరి మొహం చూడాలన్నా బెదురు, ఇవీ అర్థం చేసుకోదగ్గవే. కానీ ఎక్కువమంది అక్కడి నుంచి మెల్లగా లేస్తారు. మందులు పడతాయి, బరువు పెరుగుతుంది, పనిలోకి వెళతారు, నవ్వుతారు. 2001లో సీస్లా, రాబర్ట్స్ అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన పది అధ్యయనాలను, అంటే 2,596 మంది వివరాలను కలిపి చూశారు. హెచ్‌ఐవీ లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లలో తీవ్రమైన డిప్రెషన్ దాదాపు రెండింతలు ఉందని తేలింది. జబ్బు ఏ దశలో ఉందన్నదానికీ డిప్రెషన్‌కీ మాత్రం వాళ్లకి సంబంధం కనిపించలేదు.

రెండింతలు అంటే ఎక్కువే. అయినా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి డిప్రెషన్ లేదనేది కూడా అంతే నిజం. ఈ జబ్బుతో పాటు తప్పనిసరిగా వచ్చేదే అయితే అందరికీ రావాలి కదా. రావడం లేదు. కాబట్టి ఆరు నెలలుగా లేవలేకపోతున్న మీ తమ్ముడికి హెచ్‌ఐవీతో పాటు ఇంకో జబ్బు కూడా ఉండి ఉండొచ్చు. దానికి వేరే పేరుంది, వేరే వైద్యం ఉంది.

ఆ "మామూలే" అన్న మాటకు ఎంత ఖరీదు కడుతున్నామో 2012లో బ్రయన్ పెన్స్ అనే పరిశోధకుడి బృందం లెక్క కట్టింది. అది అమెరికాలోని హెచ్‌ఐవీ వైద్యం మీద వేసిన అంచనా. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న వందమందిని తీసుకుంటే, క్లినిక్‌లో దాన్ని గుర్తించేది 45 మందిలోనే. వాళ్లలో ఏదో ఒక చికిత్స అందేది 18 మందికి. సరిపడా చికిత్స అందేది ఏడుగురికి. పూర్తిగా కోలుకునేది ఐదుగురు. మందు పనిచేయక కాదు ఇలా అవుతున్నది. సరిగ్గా చికిత్స అందినవాళ్లలో ఎక్కువమంది బాగుపడ్డారు. అసలు నష్టం మొదటి రెండు మెట్ల దగ్గరే, అంటే అడగని చోట, అడిగినా మామూలే అని వదిలేసిన చోట.

ఇక మిమ్మల్ని భయపెట్టిన ఆ అంకెలు. 30, 60 రెండూ ఎవరో కల్పించినవి కావు. 2019లో చాలా దేశాల అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణలో సగటు 31 శాతం వచ్చింది. విడివిడిగా చూస్తే కొన్నిట్లో పది పన్నెండు, కొన్నిట్లో అరవై దాటుతుంది. ఈ తేడా చాలావరకు కొలబద్దలో ఉంది.

ఎక్కువ అధ్యయనాల్లో వాడేది ప్రశ్నపత్రం. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలది ఒకటుంది. గత రెండు వారాల గురించి అడుగుతుంది, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండొచ్చని అనుకుంటారు. సీఈఎస్-డీ అనేది ఇంకొకటి, 20 ప్రశ్నలు, గత వారం గురించి, 16 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అనుమానం. ఇవి జల్లెడలు మాత్రమే. జల్లెడలో మిగిలినదంతా రోగ నిర్ధారణ కాదు. మానసిక వైద్యంలో శిక్షణ ఉన్నవాళ్లు కూర్చుని మాట్లాడి నిర్ధారిస్తే ఆ శాతం బాగా తగ్గుతుంది. పేపరు చదివేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే: జల్లెడ అంకెనా, నిర్ధారణ అంకెనా? రెండోది, ఎవరిని అడిగారు? క్లినిక్‌కి క్రమం తప్పకుండా వచ్చేవాళ్లనే అడిగితే, కుంగిపోయి రావడం మానేసినవాళ్లు లెక్కలోకే రారు. నాకు ఎప్పుడూ మనసులో మెదిలేది ఆ రానివాళ్లే.

హెచ్‌ఐవీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. పీహెచ్‌క్యూ-9 తొమ్మిది ప్రశ్నల్లో ఐదు నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత, కదలికల్లో మందకొడితనం గురించి. వైరస్ అదుపులో లేని మనిషికి, టీబీ ఉన్న మనిషికి, రక్తం తక్కువగా ఉన్న మనిషికి మనసు బాగానే ఉన్నా ఇవన్నీ ఉంటాయి. అలా మార్కులు పెరిగిపోతాయి. ఈ ఇబ్బంది తెలిసే ఆస్పత్రి పేషెంట్ల కోసం 1983లో హెచ్‌ఏడీఎస్ అనే ప్రశ్నపత్రం తయారు చేశారు, అందులో శరీర లక్షణాలను కావాలనే తగ్గించారు. దీనికి రెండో వైపు కూడా చూడాలి. వైరల్ లోడ్ కనిపించనంతగా తగ్గి, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగుండి, అయినా మనిషికి తెల్లవారుజామున మెలకువ, విపరీతమైన నీరసం ఉంటే, అదంతా హెచ్‌ఐవీ ఖాతాలో వేసేయడం కుదరదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చూడమని అడగండి, టీబీ లక్షణాలు లేవని తేల్చుకోండి. అవి బాగుంటే డిప్రెషన్‌నే గట్టిగా అనుమానించాలి. శరీర లక్షణాలను పక్కన పెట్టి చూసినా సరే, "ఏ పని మీదా ఆసక్తి లేదు", "నా వల్ల అందరికీ కష్టం", "బతికి ఏం లాభం" అనే మూడు మాటల్లో ఒకటి వినిపిస్తే నేను ఇంకేమీ లెక్కపెట్టను, వెంటనే పై డాక్టరు దగ్గరికి పంపిస్తాను.

ప్రశ్న అడిగే తీరు కూడా అంకెను మార్చేస్తుంది. మొదట్లో మాకిచ్చిన ప్రశ్నపత్రంలో "నిరాశా భావనలు, నిస్సహాయత కలిగాయా?" అని ఉండేది. ఆ పుస్తకాల భాషకు అందరూ "లేదండీ" అనేవాళ్లు. ఒకామె తొమ్మిది ప్రశ్నలకూ లేదనే చెప్పింది. నేను సున్నాలు వేసుకుంటూ పోయాను. కాగితం మూసేసి ఊరికే అన్నట్టుగా "ఒకటే ఆలోచనలు వస్తుంటాయా అమ్మా?" అని అడిగాను. ఆమె ఒళ్లో ఉన్న సంచిలోంచి మందుల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. దాని మీది లేబుల్ గోటితో గీకేసి ఉంది, జిగురు మరకలు మాత్రం మిగిలాయి. మూత తీసి చూపించింది. టాబ్లెట్ల మీద దూది కుక్కి ఉంది. "నడుస్తుంటే చప్పుడు కాకుండా. ఈ చప్పుడు ఎవరికైనా వినిపిస్తుందేమో అన్న ఆలోచనతోనే నా రోజు అయిపోతుంది" అంది. ఆ తర్వాత గంటసేపు మాట్లాడింది. ఆమె స్కోరు సున్నా అని నేను రాసిన కాగితం అక్కడే ఉంది. దాన్ని చించి మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు పద్దెనిమిది వచ్చింది.

జింబాబ్వేలో షోనా భాషలో "కుఫుంగిసీసా" అనే మాట ఉంది. అతిగా ఆలోచించడం అని అర్థం. అక్కడ డిప్రెషన్‌ని జనం ఆ పేరుతోనే చెప్పుకుంటారని గ్రహించి, పరిశోధకులు ఆ మాట మీదే తమ ప్రశ్నపత్రం కట్టుకున్నారు. మన దగ్గర కూడా "డిప్రెషన్ ఉందా" అంటే పిచ్చి ఉందా అన్నట్టు వింటారు. "ఆలోచనలు ఎక్కువైపోయాయా", "ఏం తోచడం లేదా", "మనసు నిలకడగా ఉండడం లేదా" అంటే చెబుతారు. మీ తమ్ముడితో మాట్లాడేటప్పుడు ఈ మాటలే వాడండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. వైరస్ వల్లా, మందుల వల్లా, మనసు వల్లా? మూడింటికీ పాత్ర ఉంది. ఎవరిలో ఏది ఎంత అన్నదే తేడా.

వైరస్ ఒంట్లోకి చేరిన కొద్ది వారాల్లోనే మెదడులోకి కూడా వెళుతుంది. అక్కడి రక్షణ కణాలు ఎప్పుడూ కాపలా మీద ఉన్నట్టు ఉద్రేకంగా ఉండిపోతాయి. ఆ వాపు వల్ల ట్రిప్టోఫాన్ అనే పదార్థం, మనసును నిలకడగా ఉంచడంలో సాయపడే సెరటోనిన్ అనే రసాయనం తయారీకి వెళ్లాల్సింది వేరే దారి పడుతుంది. వాపు పెంచే రసాయనాలు మనసును కుంగదీస్తాయనడానికి గట్టి నిదర్శనం వేరే జబ్బులో దొరికింది. హెపటైటిస్-సీకి ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు. అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్లు కూడా ఆ ఇంజెక్షన్లతో డిప్రెషన్‌లోకి జారడం డాక్టర్లు కళ్లారా చూశారు. ఏఆర్‌టీ మొదలుపెట్టాక వైరస్‌తో పాటు ఈ వాపు కూడా చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఉగాండాలో మందులు మొదలుపెట్టినవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే డిప్రెషన్ లక్షణాలు సగటున తగ్గుతూ వచ్చాయి. అందుకే వైరస్ అదుపులో ఉన్న మీ తమ్ముడి విషయంలో ఈ వాటా తక్కువే అనుకోవచ్చు.

మందుల సంగతి తప్పకుండా చూడాలి. అతను ఏ కాంబినేషన్ వాడుతున్నాడో మీరు రాయలేదు. అందులో ఎఫవిరెంజ్ అనే మందు ఉంటే అది పెద్ద ఆధారం. పిచ్చిపిచ్చి కలలు, తల తిరగడం, నిద్ర చెడిపోవడం, దిగులు దానితో తెలిసినవే. 2014లో నాలుగు ట్రయల్స్‌లోని, అంటే మందుల ప్రయోగాల్లోని, 5,332 మంది వివరాలు కలిపి చూస్తే, ఎఫవిరెంజ్ వాడినవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మిగతావాళ్లకన్నా రెండింతలకు పైగా ఉన్నాయి. మొత్తం మీద అలా జరిగినవాళ్ల సంఖ్య చిన్నదే, కానీ ఇప్పటికే కుంగి ఉన్న మనిషికి ఆ మందు ఎందుకు? 2019 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి వరుసలో డోలుటెగ్రావిర్‌నే సిఫారసు చేస్తోంది. డోలుటెగ్రావిర్‌తో కూడా కొందరికి నిద్ర పట్టదు. రాత్రి వేసుకుంటుంటే పొద్దునకు మార్చుకోవచ్చేమో డాక్టరుని అడగండి. ఈ చిన్న మార్పుతోనే నిద్ర కుదుటపడినవాళ్లను చాలామందిని చూశాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: అనుమానం వచ్చిందని ఏఆర్‌టీ మీ అంతట మీరు ఆపొద్దు. మార్పించుకోవాలి, మానకూడదు.

మూడోది, అంటే మనసు, అన్నిటికన్నా పెద్దది. దూది కుక్కిన ఆ డబ్బానే అది. 2016లో 64 అధ్యయనాలను కలిపి చూస్తే, హెచ్‌ఐవీ వల్ల చిన్నచూపు ఎదుర్కొన్నవాళ్లలో డిప్రెషన్ ఎక్కువగా, తోడు తక్కువగా, మందులు సరిగ్గా వేసుకోవడం తక్కువగా కనిపించింది. ఎవరో మొహం మీద అన్న మాట ఒక దెబ్బ. దాన్ని నమ్మి తనను తాను అసహ్యించుకోవడం రోజూ తగిలే దెబ్బ. "నేను ముట్టుకుంటే పిల్లలకు అంటుకుంటుందేమో", "నాకు పెళ్లి చేసుకునే అర్హత లేదు" లాంటి మాటలు మీ తమ్ముడి నోట వచ్చాయా? వస్తే ఓదార్పు చాలదు, నిజం చెప్పాలి. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు. లైంగిక సంబంధం విషయంలో కూడా ఇప్పుడు స్పష్టత ఉంది. పార్ట్‌నర్ అధ్యయనాల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, వైరల్ లోడ్ కనిపించనంత తక్కువగా ఉన్న జంటలను ఏళ్లపాటు గమనించారు. 2019లో వచ్చిన రెండో దశ ఫలితాల్లో 782 మగ జంటలు ఉన్నాయి. కండోమ్ లేకుండా 76,000 సార్లకు పైగా కలిసినా, ఆ భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా వైరస్ రాలేదు. అంతకుముందు 2016లో వచ్చిన మొదటి దశలో ఆడ, మగ జంటల్లోనూ అదే ఫలితం. వైరల్ లోడ్ రిపోర్టు చూపించి "లైంగిక సంబంధం వల్ల నీ నుంచి ఎవరికీ రాదు" అని కౌన్సెలర్ కూర్చుని చెప్పినప్పుడు మనుషుల భుజాలు దిగడం నేను చూశాను. విచిత్రం ఏమిటంటే, రిపోర్టు చేతిలో ఉన్నా దాని అర్థం చాలామందికి ఎవరూ చెప్పరు. "బాగుంది, మందులు మానకు" అని పంపేస్తారు.

మందులు సరిగ్గానే వేసుకుంటున్నాడు కదా, ఇంకేం భయం అని మీకు ఎవరైనా అనొచ్చు. ఇక్కడే పరిశోధనలు నాకు కళ్లు తెరిపించాయి. 2001లో అమెరికాలో 765 మంది హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలను ఏడేళ్ల వరకు గమనించిన అధ్యయనం వచ్చింది. దీర్ఘకాలంగా డిప్రెషన్ లక్షణాలు ఉన్నవాళ్లు, లేనివాళ్లకన్నా రెండింతలు ఎక్కువగా చనిపోయారు. సీడీ4, వైరల్ లోడ్ తేడాలు, మందులు లెక్కలోకి తీసుకున్నాక కూడా. ఆ రోజుల్లో మందులు ఇంత మంచివి కావు. మరి ఇప్పుడో? 2018లో పెన్స్ బృందమే 5,927 మందిని చూసింది. వాళ్లు డిప్రెషన్ ఎంత తీవ్రం అని మాత్రమే చూడలేదు, మొత్తం కాలంలో ఎన్ని రోజులు డిప్రెషన్‌లో గడిచాయో లెక్కించారు. ఆ వాటా 25 శాతం పెరిగిన ప్రతిసారీ అపాయింట్‌మెంట్ తప్పే అవకాశం 8 శాతం, వైరల్ లోడ్ మళ్లీ కనిపించే అవకాశం 5 శాతం, చనిపోయే ముప్పు 19 శాతం పెరిగాయి. ఇవి గమనింపు అధ్యయనాలు, ఇదే కారణమని కోర్టులో తేల్చినట్టు తేల్చవు. అయినా నాకు అర్థమైంది ఇది: స్వల్పంగా ఉన్న డిప్రెషన్ అయినా రోజులు పెరిగే కొద్దీ ఒంటిని తింటుంది. మీ తమ్ముడికి ఆరు నెలలు ఇప్పటికే అయిపోయాయి.

ఇప్పుడు చికిత్స. ఈ భాగం రాయడం నాకు సంతోషం.

ఉగాండాలో 2003లో ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి. హెచ్‌ఐవీతో బాగా దెబ్బతిన్న ప్రాంతంలో 30 పల్లెల్లో జరిగింది. డాక్టర్లు లేరు. శిక్షణ తీసుకున్న స్థానికులు వారానికోసారి గుంపుగా కూర్చోబెట్టి మనుషుల మధ్య సంబంధాల గురించి, పోయినవాళ్ల గురించి, గొడవల గురించి మాట్లాడించారు. ముందు 86 శాతం మందికి డిప్రెషన్ ఉంటే, చివరికి 6.5 శాతం మిగిలింది. ఈ చికిత్స లేని పల్లెల్లో 94 నుంచి 54.7కి తగ్గింది. చికిత్స లేకపోయినా కొందరు కోలుకుంటారు, నిజమే. ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే చికిత్స చేసిన పని.

అదే దేశంలో ఎథెల్‌డ్రెడా నకిములి-ఎంపుంగు అనే మానసిక వైద్యురాలు ప్రత్యేకంగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు గుంపులు, ఎనిమిది సమావేశాలు. మనసు విప్పి మాట్లాడటం, సమస్యకు దారి వెతకడం, చిన్న సంపాదన మార్గం నేర్పడం కూడా అందులోనే. ఈ చివరిది నాకు చాలా నచ్చింది. తిండికి లేని మనిషికి "పాజిటివ్‌గా ఆలోచించు" అని చెప్పడం ఏం న్యాయం? 2020లో వచ్చిన ఫలితాల్లో 30 ఆరోగ్య కేంద్రాలు, 1,140 మంది ఉన్నారు. ఆరు నెలల తర్వాత ఈ గుంపుల్లో తీవ్ర డిప్రెషన్ ఒక శాతం కన్నా తక్కువమందిలో మిగిలింది. హెచ్‌ఐవీ గురించి పాఠాలు మాత్రమే చెప్పిన గుంపుల్లో 28 శాతం మందిలో ఉంది. పాఠం చెప్పడానికీ, మాట వినడానికీ ఉన్న తేడా అది.

జింబాబ్వేలో డిక్సన్ చిబండా మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ కూడా అలాంటిదే. క్లినిక్ ఆవరణలో ఒక బల్ల, దాని మీద శిక్షణ పొందిన పెద్దావిడ, పక్కన పేషెంటు. ఒక్కొక్క సమస్యనూ విడదీసి, ఈ వారం ఏది చేయగలవో చూద్దాం అంటారు. 2016లో వచ్చిన ట్రయల్‌లో హరారేలో 24 క్లినిక్‌లు, 573 మంది. వాళ్లలో నూటికి నలభై మందికి హెచ్‌ఐవీ ఉంది. ఆరు నెలల తర్వాత బెంచ్ మీద కూర్చున్నవాళ్లలో 13.7 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు ఉంటే, మామూలు వైద్యం అందినవాళ్లలో 49.9 శాతం. మీ క్లినిక్‌లో సైకియాట్రిస్టు లేకపోతే అంతా అయిపోయినట్టు కాదని చెప్పడానికే ఇవన్నీ రాశాను. సరిగ్గా నేర్చుకున్న కౌన్సెలర్, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లే నడిపే సపోర్ట్ గ్రూప్ చాలా చేయగలవు.

మాత్రల విషయానికొస్తే, 2018లో, వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ సమీక్ష హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో యాంటీడిప్రెసెంట్ల (డిప్రెషన్ తగ్గించే మాత్రల) మీద పది అధ్యయనాలు, 709 మంది వివరాలు చూసింది. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే ఇవి డిప్రెషన్ తగ్గిస్తాయనే తేలింది. కానీ ఆ అధ్యయనాల్లో చాలావరకు పాతవి, చిన్నవి. ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాలి. 2015లో అమెరికాలో 304 మందితో చేసిన ట్రయల్‌లో మాత్రల మోతాదును పద్ధతిగా చూసుకుంటూ ఇస్తే డిప్రెషన్ త్వరగా తగ్గింది. అయితే ఏఆర్‌టీ వేసుకునే క్రమంలో, వైరల్ లోడ్‌లో తేడా కనిపించలేదు. నేను దీన్నిలా అర్థం చేసుకున్నాను: వైరల్ లోడ్ కోసం డిప్రెషన్‌కి వైద్యం చేయడం కాదు, మనిషి మళ్లీ మనిషిలా బతకడం కోసం చేయాలి. మందులు వేసుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకి దాని మీద విడిగా పనిచేయాలి. రెండూ కలిపి నేర్పే కౌన్సెలింగ్ పద్ధతులు ఉన్నాయి, దక్షిణాఫ్రికాలో నర్సులతో ప్రయత్నించి మంచి ఫలితాలు చూశారు.

ఏఆర్‌టీతో పడుతుందా అంటే, డోలుటెగ్రావిర్ వాడుతుంటే చాలావరకు నిశ్చింతే. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి సాధారణ మాత్రలతో దానికి చెప్పుకోదగ్గ గొడవ లేదు. రిటోనవిర్, కోబిసిస్టాట్ ఉన్న కాంబినేషన్లతో జాగ్రత్త కావాలి. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మాత్రల మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు. ఎఫవిరెంజ్ అయితే సెర్ట్రలిన్‌ని తగ్గించేస్తుంది. అందుకే ఏ మాత్ర రాసే డాక్టరుకైనా ఏఆర్‌టీ పేరు చెప్పి తీరాలి. సిగ్గుపడి దాచితే ప్రమాదం. మూలికా మందు కదా అని సెయింట్ జాన్స్ వర్ట్ అసలు వాడొద్దు. 2000లో జరిగిన ఒక అధ్యయనంలో అది ఇండినవిర్ అనే హెచ్‌ఐవీ మందును రక్తంలో సగానికి పైగా తగ్గించింది. ఇప్పటి మందుల్లో కూడా చాలావాటిని తగ్గిస్తుంది. నీరసానికని ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు కూడా డోలుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. అది వేసుకున్న రెండు గంటల తర్వాతే ఇవి వేసుకోవాలి.

యాంటీడిప్రెసెంట్లు మొదటి రోజే పనిచేయవు. రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, టెన్షన్ కాస్త పెరగడం ఉంటాయి. అక్కడే చాలామంది మానేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండా విపరీతమైన హుషారుతో, డబ్బులు వెదజల్లుతూ రోజుల తరబడి ఉన్నాడా అన్నది ముందే డాక్టరుకి చెప్పండి. అలా ఉంటే వైద్యం వేరు.

ఇక అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అతన్ని అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడొద్దు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగినవాళ్ల దగ్గర మనసు తేలికపడుతుంది. ఒక పద్ధతిగా అడగండి: పక్కన కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, "నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదని చూస్తున్నాను. ఆలోచనలు ఎక్కువైనప్పుడు బతకొద్దు అనిపిస్తుందా?" అని. అవును అంటే, "ఎలా అని ఆలోచించావా?" అని అడగండి. దారి కూడా ఆలోచించుకుని ఉంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న పురుగుమందు, నిద్రమాత్రలు, ప్రమాదకరమైనవి ఏవైనా తీసేయండి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, మీ దగ్గర ఉన్న ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగడానికి లేదు.

ఈ ప్రశ్న నేను ఒకసారి అడగలేదు. మందులు క్రమంగా వేసుకునేవాడు, వైరల్ లోడ్ లేదు, ప్రతి నెలా ముందుగా వచ్చి క్యూలో నిలబడేవాడు. రిపోర్టు బాగుందని ఫైలు మూసేశాను. ఆ తర్వాతి నెల అతని భార్య ఒక్కతే వచ్చింది, మిగిలిన మాత్రల డబ్బా తిరిగి ఇవ్వడానికి. అప్పటి నుంచి రిపోర్టు ఎంత బాగున్నా ఎవరినీ అడగకుండా పంపలేదు.

అతని విషయం మిగతా బంధువులకి చెప్పి సాయం అడగాలనిపిస్తుంది. అతని అనుమతి లేకుండా చెప్పకండి. ఇప్పుడు అతనికి ఉన్న ఒకే ఒక్క భద్రమైన చోటు మీరే, అది పోతే డాక్టరు దగ్గరికి కూడా రాడు.

వచ్చే విజిట్‌కి ఒక కాగితం మీద ఇవి రాసి తీసుకెళ్లండి: ఎప్పటి నుంచి నిద్ర చెడింది, ఏ పనులు వదిలేశాడు, రోజులో ఎంతసేపు అలా కూర్చుంటాడు, ఎలాంటి మాటలు అంటున్నాడు, ఏ ఏఆర్‌టీ మందు ఏ టైముకి వేసుకుంటున్నాడు. కింద ఒక లైను రాయండి, "పీహెచ్‌క్యూ-9 చేయించండి, మార్కులు మాకు చెప్పండి" అని. డాక్టరు మళ్లీ మామూలే అంటే, "ఆరు నెలలు మామూలా సార్? కౌన్సెలర్‌కి గానీ సైకియాట్రిస్టుకి గానీ రాయండి" అని అడగండి, ఆ చీటీ తీసుకునే బయటికి రండి. స్కోరు, మందుల పేర్లు తెలిశాక ఇక్కడ రాయండి, అతని పేరు, ఊరు వద్దు. అది చూసి మిగతాది చెబుతాను.